మైకమ్మ పిలవని పేరు

బస్టాండులో ముప్పై ఒక్క ఏళ్లపాటు మైకు ముందు కూర్చున్న మనిషిని మైకమ్మ అనక ఏమంటారు? ఉద్యోగంలో చేరిన మూడో నెలలోనే ఎవరో డ్రైవరు ఆ పేరు తగిలించాడు. అంతే, అసలు పేరు ఆఫీసు కాగితాల్లో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఆవిడ మొహం ఊళ్లో చాలామందికి తెలియదు, గొంతు తెలియనివాళ్లు మాత్రం లేరు. కొట్లో నిలబడి "అరకిలో ఉల్లిపాయలివ్వండి" అంటే చాలు, వెనకవాళ్లు బస్సు వచ్చిందేమోనని సంచులు సర్దుకునేవారు. ఇది వేళాకోళానికి అంటున్న మాట కాదు, ఒకసారి నిజంగానే జరిగింది.

గొంతుతో చేసే పనే కదా, అదేమంత కష్టం అనుకునేవాళ్లు ఒక్క పూట ఆ గాజు గదిలో కూర్చుని చూడాలి. ఇనప మెట్లెక్కి పైకి వెళితే మనిషికీ కుర్చీకీ సరిపోయేంత గది. ఎదురుగా బస్సుల వేళల బోర్డు, పక్కన మంచినీళ్ల సీసా, చేతి కింద మైకు స్విచ్చి. మైకమ్మ పనితనానికి కొన్ని కట్టుబాట్లుండేవి. ఎవరైనా తప్పిపోతే 'తప్పిపోయారు' అనకూడదు, 'ఫలానావారి కోసం ఎదురు చూస్తున్నారు' అనాలి. ముందు పేరు, తర్వాత వయసు, ఆ తర్వాత ఒంటి మీద గుర్తు. అన్నిటికన్నా ముఖ్యం, గొంతులో కంగారు వినపడకూడదు. చెప్పేవాళ్ల గొంతు వణికితే వినే జనం వణుకుతారు. పిల్ల కనపడక తల్లి పక్కనే గుండెలు బాదుకుంటున్నా, మైకమ్మ గొంతు మాత్రం ఏడో నంబరు బస్సు వచ్చిందని చెప్పినట్టే ఉండేది.

అలా ఎంతమంది పిల్లలను తల్లుల దగ్గరకు చేర్చిందో లెక్క లేదు. సొంత బిడ్డ దగ్గరికి వచ్చేసరికి ఆ నోరే కొంప ముంచింది.

మైకమ్మకు ఒక్కతే సంతానం. ఇప్పుడు కూతురు అంటుంది గానీ, ఒకప్పుడు కొడుకు అనేది. ఊరంతా అలాగే అనేది. భర్త డిపోలో మెకానిక్కు, బిడ్డ మూడో తరగతిలో ఉండగా పోయాడు. అప్పటినుంచి ఇంట్లో తల్లీ బిడ్డా ఇద్దరే. బడి వదిలాక బిడ్డ ఆ గాజు గదికే వచ్చి, కుర్చీ పక్కన నేల మీద కూర్చుని హోంవర్కు చేసుకునేది. మైకు వేసి ఉన్నప్పుడు దగ్గు ఆపుకోవడం ఎక్కాల కంటే ముందు నేర్చుకుందని డిపోలో నవ్వుకునేవారు. ఒకరోజు ఆ ఇనప మెట్ల మీదే జారిపడి ఎడమ కనుబొమ చీలింది. గాయం మానింది గానీ గీత పోలేదు.

పందొమ్మిదో ఏట ఒక సాయంత్రం, తల్లి డ్యూటీ దిగి వచ్చి చెప్పులు విప్పుతుండగా ఆ బిడ్డ గుమ్మంలో నిలబడి చెప్పింది.

"అమ్మా, నేను అబ్బాయిని కాను. ఎప్పుడూ కాను. అమ్మాయినే. ఈ మాట నీకు చెప్పడానికే ఇన్నేళ్లు పట్టింది. నాకు నేను ఒక పేరు పెట్టుకున్నాను. చెప్పనా?"

"చెప్పకు," అంది మైకమ్మ. "ఆ పేరు నా చెవిన పడకూడదు. నేను పెట్టిన పేరుంది. ఆ పేరుతో ఉంటేనే ఈ ఇంట్లో ఉండు."

కోపంలో అన్న మాటే. అయితే ఏం, కోపంలో అన్నా మాట మాటే. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అన్నారా? తెల్లారేసరికి బిడ్డ లేదు, అల్మరాలో నాలుగు జతల బట్టలు లేవు. సాయంత్రానికి అదే వస్తుందిలే అనుకుని మైకమ్మ డ్యూటీకి వెళ్లింది. ఆ పొద్దున నలభైకి పైగా బస్సులను ఒక్క తప్పు లేకుండా పిలిచింది. బిడ్డ వాటిలో ఏదో ఒకటి ఎక్కే ఉంటుంది. అంటే కన్నతల్లే మైకులో చెప్పి మరీ సాగనంపిందన్నమాట. ఆ సంగతి తట్టిన రోజు ఆవిడ అన్నం తినలేదు.

వారం తర్వాత బిడ్డ స్నేహితురాలెవరో ఫోను చేసి, "బాగానే ఉంది, వెతకొద్దంది," అని పెట్టేసింది. మొదటి ఏడు మైకమ్మకు కోపమే. రెండో ఏడు నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగ. మూడో ఏటికి ఆ రెండూ కరిగిపోయి బిడ్డ ఒక్కతే మిగిలింది. అప్పటికి ఆ ఫోను నంబరు పనిచేయడం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఆరేళ్లు గడిచాక మైకమ్మ రిటైరైంది. ఆ నెలలోనే ఆవిడ డ్యూటీ కోటు కుట్టిపెట్టే దర్జీ ఇంటికి వచ్చాడు.

ఆ ఊళ్లో ఏటా మూడు రోజులు వరసగా సెలవు వచ్చే వారాంతంలో ప్రైడ్ పండగ జరుగుతుంది. మగవాళ్లను ప్రేమించే మగవాళ్లు, ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్లు, పుట్టినప్పుడు కాగితంలో రాసింది తాము కాదని తెలుసుకున్నవాళ్లు, వాళ్లను కావాలనుకునే చుట్టాలు, స్నేహితులు అందరూ వస్తారు. మార్కెట్ చౌరస్తా నుంచి నాలుగు వీధులు మూసేస్తారు. కరెంటు స్తంభాలకు ఇంద్రధనుస్సు జెండాలు కడతారు. శనివారం దుకాణాలు, పాటలు. ఆదివారం ఊరేగింపు. సోమవారం అందరూ వీధిలోనే బల్లలు వేసుకుని కూర్చుని కబుర్లు. ఈ సంగతులేమీ పట్టకుండా, ఐస్‌క్రీము కోసం వచ్చి వరసలో నిలబడేవాళ్లూ బోలెడంతమంది. ఆ ఏర్పాట్లన్నీ చూసేది దర్జీ, పాతికేళ్లుగా అతనితో కాపురం చేస్తున్న సెలూన్ ఆయన. ఇద్దరి చేతుల్లోనూ కత్తెరలే, అయినా ఇంట్లో పాల ప్యాకెట్టు కత్తిరించడానికి కత్తెర దొరకదని ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు.

"అక్కా, మా మైకు దగ్గర కూర్చున్నవాళ్లు కేకలే తప్ప ఒక్క మాట అర్థమయ్యేట్టు చెప్పరు," అన్నాడు దర్జీ. "పోయినేడు ఒక పెద్దాయన తప్పిపోయాడు, వెతకండి నాయనా అంటే పాట వేశారు. ఆ మూడు రోజులూ మీరు వచ్చి..."

"వస్తాను," అంది మైకమ్మ.

పాపం, రిటైరైనవాళ్లకు పని మీద బెంగ ఉంటుంది కాబోలు అనుకున్నాడతను. ఆవిడా అలాగే అనుకోనిచ్చింది.

ఆ మొదటి ఏడే ఆవిడకు ఒక పాఠం తగిలింది. ఎవరో తల్లి గుంపులో విడిపోయిన తన బిడ్డను పిలవమని ఒక పేరు చెప్పింది. మైకమ్మ ముప్పై ఒక్క ఏళ్ల అనుభవంతో పేరు, వయసు, గుర్తు చక్కగా చెప్పింది. ఎవరూ రాలేదు. చివరికి చూస్తే ఆ పిల్ల ఇరవై అడుగుల దూరంలో, స్తంభానికి ఆనుకుని నిలబడే ఉంది. అన్నీ విన్నది కూడా.

"ఆ పేరుతో పిలిస్తే ఇక్కడ ఎవరూ పలకరక్కా," అన్నాడు దర్జీ. "ఆ పేర్ల నుంచి తప్పించుకునే కదా వీళ్లంతా ఇక్కడిదాకా వచ్చింది. ఏ పేరుకు పలుకుతారో అది కనుక్కుని పిలవండి."

అప్పటినుంచీ మైకమ్మ బల్ల దగ్గర అదే కట్టుబాటు. వెతుక్కుంటూ వచ్చినవాళ్లను మొదట అడిగే ప్రశ్న, "వాళ్లు ఏ పేరుకు పలుకుతారు?" అని. ఒకరిని ఆ ప్రశ్న అడిగిన ప్రతిసారీ అది తిరిగి తనకే గుచ్చుకునేది. పాత పేరుతో పిలిస్తే కూతురు రాదు. కొత్త పేరు తనకు తెలియదు. తెలియకపోవడమేమిటి, చెబుతానని గుమ్మంలో నిలబడి అడిగితే వద్దన్నది తనే.

పేరు లేకపోతేనేం, కనుబొమ మీద గీత చెప్పి పిలవచ్చు కదా అంటారా? ఆ మాట ఆవిడకు తట్టక కాదు. పిలవనంతకాలం బిడ్డ రాకపోవడానికి ఒక సాకు ఉంటుంది. పిలిచాక కూడా రాకపోతే ఇంక ఏ సాకూ ఉండదు. ఆ భయంతోనే అయిదు పండగలు గడిపేసింది. మూడేసి రోజులు ఊళ్లో అందరినీ పిలవడం, వచ్చేపోయే ప్రతి ఎడమ కనుబొమనూ చూడటం, సోమవారం సాయంత్రం మైకు వైరు చుట్టేసి ఇంటికి పోవడం.

ఆరో ఏడు పండగకు పది రోజుల ముందు గొంతు డాక్టరు అద్దం పెట్టి చూసి, లోపల చిన్న గడ్డ ఉందన్నాడు. పండగ అయిన మర్నాడే, మంగళవారం ఆపరేషను. ప్రాణానికి ఏమీ కాదట. గొంతు మాత్రం ఇలా ఉంటుందని చెప్పలేనన్నాడు. మాట్లాడగలదు గానీ మైకులో పలికే పలుకు రాకపోవచ్చు. అంటే కూతురు గుర్తుపట్టే గొంతుతో పిలవడానికి ఈ పండగ మూడు రోజులే మిగిలాయి. డాక్టరు ఇంకేవో జాగ్రత్తలు చెబుతున్నాడు గానీ ఆవిడకు వినపడలేదు.

శనివారం మధ్యాహ్నం, జనం పలచబడ్డ వేళ, మైకమ్మ దర్జీని పిలిచి కూర్చోబెట్టి అంతా చెప్పింది. చెప్పకు అన్న మాటతో సహా.

అతను మెడలో వేలాడే కొలత టేపును వేలికి చుట్టుకున్నాడు.

"ఆరేళ్ల నుంచి నా పక్కనే కూర్చున్నారు. ఒక్క మాట చెప్పలేదేంటక్కా?"

"చెబితే కూర్చోనిచ్చేవాడివా తమ్ముడూ?"

"మొదటి ఏడైతే కూర్చోనిచ్చేవాణ్ని కాదు," అన్నాడతను. "మా అమ్మ కూడా ఇలాగే తలుపేసింది. తెరవకుండానే పోయింది. మీ మీద కోపం రావట్లేదని అబద్ధం చెప్పను." టేపును వేలినుంచి విప్పేశాడు. "అయినా పిలవండి. పిలవని పేరంటానికి ఎవరొస్తారు?"

మర్నాడు ఊరేగింపు వచ్చి చౌరస్తాలో ఆగింది. డప్పులు ఆగాయి, చెమటలు తుడుచుకుంటూ జనం నీళ్ల కోసం నీడ కోసం చెదురుతున్నారు. స్విచ్చి వేయడానికి అంతకంటే మంచి సమయం ఉండదని మైకమ్మకు తెలుసు.

"విజ్ఞప్తి. ఒక అమ్మాయి కోసం వారి తల్లి ప్రకటనల బల్ల దగ్గర ఎదురు చూస్తున్నారు. పేరు తెలియదు. వయసు పందొమ్మిది. ఎడమ కనుబొమ మీద చిన్న గీత ఉంటుంది."

ఏడో నంబరు బస్సును పిలిచినట్టే, కంగారు వినపడకుండా చెప్పింది. చెప్పి స్విచ్చి ఆపేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

పది నిమిషాలకు ఒక పిల్ల వచ్చింది. పొట్టి జుట్టు, కాళ్లకు రెండు రంగుల మేజోళ్లు. కనుబొమ మీద గీత లేదు.

"నాకు గీత లేదండీ," అంది తనే. "పందొమ్మిదే. మా అమ్మే ఎవరితోనో పొరపడి గీత అని చెప్పిందేమో అనుకుని వచ్చాను."

ఆ వెనకే ఇంకొకరు. ఆ తర్వాత ముగ్గురు కలిసి. ఒకమ్మాయి అయితే బల్ల దాకా రాలేదు, దూరంగా నిలబడి, "మైకులో ఉన్నది మా అమ్మ గొంతు కాదని తెలుసు. అయినా వచ్చాను," అని చెప్పి, వెళ్లిపోకుండా అక్కడే నిలబడింది. మైకమ్మ కుర్చీలు వేయించింది, మంచినీళ్లు ఇచ్చింది. ఏం చెప్పాలో తెలియక ఒక్కొక్కరినీ ఏ పేరుకు పలుకుతావమ్మా అని అడిగింది. వాళ్లు చెప్పారు. అడగడానికి ఒక్క క్షణం కూడా పట్టని ప్రశ్న అది. ఆ ఒక్క ప్రశ్న అడగని తల్లుల బిడ్డలు ఏడుగురు ఆవిడ చుట్టూ కూర్చున్నారు, ఆవిడా అలాంటి తల్లే. సిగ్గుతో తలెత్తలేకపోయింది.

చివర వచ్చిన మనిషి వీపుకు వెండి కాగితం రెక్కలున్నాయి. వాటిని కుర్చీకి తగలకుండా సర్దుకుని కూర్చుంటూ, "నాకు ఇరవై రెండండీ," అంది. "అయినా పందొమ్మిది అన్నారు కదా, నేను ఇంట్లోంచి వచ్చేసింది అప్పుడే. అమ్మలకు మనం వెళ్లిన రోజు వయసే గుర్తుంటుందేమోనని వచ్చాను."

మైకమ్మ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. పందొమ్మిది. తన కూతురికి పందొమ్మిది ఎక్కడుంది? ఇల్లు వదిలి పదకొండేళ్లయింది. ముప్పై నిండాయి. ఊళ్లోవాళ్ల పిల్లల వయసులు నెలలతో సహా అడిగి చెప్పే మనిషి, సొంత బిడ్డను గుమ్మంలో నిలబెట్టిన చోటే నిలబెట్టి ఉంచింది. దిద్దుదామని స్విచ్చి మీద చెయ్యి వేసేసరికి దర్జీ తల అడ్డంగా ఊపాడు. అయిదు దాటాక మైకు మోగకూడదని పోలీసుల షరతు. అయిదూ అయిదయింది.

సోమవారం జనం బద్ధకంగా వచ్చారు. వీధి పొడవునా వేసిన బల్లల దగ్గర కూర్చుని ఎండలో కబుర్లాడుకుంటున్నారు. మైకమ్మ పదకొండింటికి స్విచ్చి వేసింది. ఈసారి 'వారి తల్లి' అనలేదు.

"నిన్న ఒక అమ్మాయిని పిలిచాను. తప్పు చెప్పాను. ఆమె నా కూతురు. వయసు ముప్పై. ఎడమ కనుబొమ మీద గీత, మా బస్టాండు మెట్ల మీద పడినప్పటిది. పేరు నాకు తెలియదు. చెబుతానంటే వద్దన్నాను. ఇప్పుడు అడగాలని ఉంది."

గొంతు వణికింది. ముప్పై ఏడేళ్లలో మొదటిసారి వణికింది. వీధిలో కబుర్లు ఆగిపోయాయి, ఐస్‌క్రీము వరస కూడా కదల్లేదు. దర్జీయే స్విచ్చి ఆపాడు.

పన్నెండయింది. ఒంటిగంటయింది. సెలూన్ ఆయన భోజనం తెచ్చి పెట్టాడు, మైకమ్మ ముట్టుకోలేదు. రెండున్నరకు కొన్ని బల్లలు మడతపెట్టడం మొదలైంది. ఇదన్నమాట జవాబు, అనుకుంది మైకమ్మ. ఇన్నేళ్లు ఈ జవాబుకే కదా భయపడింది. కుర్చీ చెయ్యి పట్టుకుని లేవబోయింది.

ఎదురుగా కళ్లద్దాలు పెట్టుకున్న ఒకామె నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. భుజాన చేసంచి, దాని మీద ఏదో కళ్లద్దాల దుకాణం గుర్తు. ఆమె అద్దాలు తీసి చేత్తో పట్టుకుంది. అప్పుడు కనిపించింది గీత.

మైకమ్మ మళ్లీ కూర్చుండిపోయింది.

"నిన్న విన్నాను," అంది ఆమె. గొంతు మారింది, మాట విరుపు మారలేదు. "కనుబొమ అనగానే లేచి నిలబడ్డాను. అంతలోనే నువ్వు చెప్పిన పందొమ్మిది గుర్తొచ్చింది. అయితే నా కోసం కాదులే, ఎవరో పందొమ్మిదేళ్ల పిల్లను వాళ్లమ్మ వెతుక్కుంటోంది అనుకున్నాను. మా ఊరి బస్సెక్కి ఇంటికెళ్లిపోయాను. ఇవాళ రాకూడదనే అనుకున్నా. అయినా వచ్చాను, పొద్దున నువ్వు చెప్పింది విన్నాక ఈ బల్ల దాకా రావడానికి ఇంతసేపు పట్టింది."

"నువ్వు... ఈ ఊళ్లోనే ఉన్నావా?"

"లేను. పండగకు మాత్రం ఏటా వస్తాను." ఆమె అద్దాలు మడిచి విప్పింది. "అయిదేళ్ల కిందట స్పీకర్లో నీ గొంతు విని ఆ బేకరీ మెట్ల మీద కూలబడిపోయానమ్మా. అప్పటినుంచి ఏటా వచ్చి అక్కడే కూర్చుంటున్నా. అమ్మ నన్ను పిలుస్తుందేమో అని. తప్పిపోయిన తాతయ్యలను పిలిచావు, గొడుగు మర్చిపోయినవాళ్లను పిలిచావు. నన్ను ఒక్కసారీ పిలవలేదు."

భయపడ్డానని చెప్పచ్చు. పేరు తెలియదని చెప్పచ్చు. ఆ రెండు సాకులూ మైకమ్మ వాడుకోలేదు. కళ్లు తుడుచుకోలేదు కూడా, చూపు తిప్పితే ఎక్కడ వెళ్లిపోతుందోనన్నట్టు చూస్తూ కూర్చుంది.

"నాదే తప్పు," అంది చివరికి. "రేపు గొంతు ఆపరేషను. అది వంక కాదు. చెబుతున్నాను అంతే. నీ పేరేంటమ్మా?"

కూతురు దర్జీ వైపు చూసింది, వీధి వైపు చూసింది. ఒకసారి చెబుతానంటే ఇల్లే పోయింది. రెండోసారి చెప్పడం అంత తేలికా?

"మళ్లీ వద్దనవు కదా?"

"అనను."

ఆమె చెప్పింది. చిన్న పేరు, రెండే అక్షరాలు. మైకమ్మ పిలవడానికి నోరు తెరిచింది. కడుపులో ఉండగా ఎంచి పెట్టుకున్న పేరు కదా, నాలుక మీదికి పాతదే వచ్చింది. మొదటి అక్షరం బయట పడింది కూడా. కూతురి మొహం మూసుకుపోవడం చూసి మైకమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కూతురు మాత్రం వెళ్లలేదు. సంచి పట్టీని గట్టిగా పట్టుకుని అలాగే నిలబడింది.

మైకమ్మ ఊపిరి తీసుకుంది. మైకు మొహాన్ని పక్కకు తిప్పేసింది, ఈ పిలుపు ఊరి కోసం కాదు. పగిలిన గొంతుతోనే, మెల్లిగా, ఆ రెండక్షరాలూ పలికి కూతుర్ని పిలిచింది.

"ఏంటమ్మా," అంది కూతురు, ఇంట్లో పక్క గదిలోంచి పలికినట్టు.